ప్రొద్దుటూరులో నాంది బేరం

సంస్కృత నాటకానికి నాంది ఎందుకో నాకు బోణీని బట్టి అర్థమయింది.

మాది ప్రొద్దుటూరు బజారులో గుడ్డల అంగడి. పొద్దున్నే తలుపులు తీసి, గడప ముందర నీళ్ళు చల్లి, ఊదుబత్తి వెలిగించాక మొదట మెట్టెక్కిన మనిషి ఎవరైనా సరే మా పాలిట దేవుడే. అతను కొనేది చేతి తువ్వాలైనా ఫర్వాలేదు, వట్టి చేతులతో మాత్రం దిగిపోకూడదు. దిగిపోయాడంటే ఆ రోజు వచ్చిన బేరాలన్నీ అతని వెనకాలే దిగిపోతాయని మా నాయన నమ్మకం. అందుకని ఆ మొదటి మనిషితో మేము మాట్లాడే తీరే వేరు. మధ్యాహ్నం వచ్చినవాడికి ఆ మర్యాదలో సగం కూడా దక్కదు.

మా సంస్కృతం అయ్యవారు ఒక సాయంత్రం, నాటకం మొదలయ్యే ముందు దేవుణ్ణి తలుచుకొని, చూడవచ్చినవాళ్ళకు మేలు కోరే పద్యాన్ని నాంది అంటారని చెప్పారు. నేను ఊరుకోలేదు.

"అంటే బోణీయే గదా అయ్యవారూ?"

ఆయన పిచ్చి ప్రశ్నకు కూడా ఆలోచించి జవాబు చెప్పే మనిషి. "నాందిలో మేలు జరిగేది వచ్చినవాళ్ళకు. మరి మీ బోణీలో?"

"వచ్చినోనికే. తొలి బేరమని తగ్గించి ఇస్తాం."

"నిజంగా తగ్గిస్తారా?"

నేను పుస్తకంలో తల దూర్చాను.

నాకప్పుడు ఇరవై దాటింది. పగలంతా అంగట్లో గుడ్డలు చించి, సాయంత్రం సంస్కృతానికి పోయేవాణ్ణి. విద్య మీద ప్రేమతో చేరానని ఇప్పుడు చెప్పుకుంటే వినడానికి బాగుంటుంది గానీ, చేరింది ఆ పాఠం ఉచితం గనక. ఉచితంగా ఇచ్చేదాన్ని వద్దనే అలవాటు మా వంశంలో లేదు. చేరాక ఎందుకో మానలేకపోయాను. అదీ ఉచితంగానే జరిగింది.

అయ్యవారిది జమ్మలమడుగు. రోజూ సాయంకాలం బస్సులో వచ్చి, పాఠం చెప్పి, ఆఖరి బస్సుకు తిరిగి పోయేవారు. పాఠం జరిగేది ఒక నూనె మిల్లు మిద్దె మీది గదిలో. మిల్లు యజమాని సెట్టి ఎప్పుడో ఒక మంచి గడియలో ఆ గదిని ఊరికే వాడుకోమన్నాడు. ఆ మంచి గడియ గురించి తర్వాత చాలాసార్లు చింతించాడని నా అనుమానం. ఆ ఏడు శెనక్కాయ బాగా పండింది. మూటలు కింద పట్టలేదు. ఒక రోజు ఆయన మెట్లెక్కి వచ్చి, గది నాలుగు మూలలూ కళ్ళతోనే కొలిచాడు.

"అయ్యవారూ, మీరేమీ అనుకోవద్దండి. మూటలకు తావు లేదు. ఈడ సంస్కృతం నేర్సుకునేది ఐదారు మంది. శెనక్కాయలు చూస్తే వేలకు వేలు."

అయ్యవారు ఏమీ అనుకోలేదు. అనుకోవడం ఆయనకు చేత కాదు. గదిలో మూలనున్న పుస్తకాల రేకు పెట్టె వైపు చూసి, "నీ అంగట్లో దీనికి కాస్త చోటుంటుందా నాయనా?" అని నన్నడిగారు. ప్రొద్దుటూరులో ఆయనకు ఇంకో గది ఇచ్చేవాళ్ళెవరూ లేరు. గది పోతే పాఠం పోతుంది, ఆయన రావడమూ పోతుంది. ఆ మాట అంత మామూలుగా అడిగారు గనక నాకు ఎక్కువ బాధనిపించింది. బాధ కలిగితే నేను చేయగలిగింది ఒక్కటే, బేరం.

"మామా," అన్నాను సెట్టితో. ఆయన మాకు చుట్టమేమీ కాదు. బజారులో నాకంటే పెద్దవాళ్ళంతా మామలే. "సంస్కృతం ఊర్లో ఎవరికీ పట్టదంటాండావు. ఒక నాటకం ఆడతాం, సంస్కృతంలోనే. ఊరు కూసోని సూస్తే గది మాకు. లేకుంటే మూటలకు."

"కూసోని అంటే? ఎంతసేపు?"

"అయిపోయేదాకా."

"నడమ లేసిపోతే?"

"మూటలు మేమే మోసి పైకెక్కిస్తాం."

మూటలు మోసే కూలి మిగులుతుందన్న మాట సెట్టికి నచ్చింది. నాటకం ఎట్లాగూ నిలవదని ఆయన ధీమా. నాకూ లోపల అదే అనుమానం. అయినా బేరంలో అనుమానాన్ని ముఖం మీదికి రానివ్వకూడదు.

నాటకం అయ్యవారే రాశారు. పొట్టిది. ఒక ఉజ్జయిని వర్తకుడు, ఇంటినిండా ధనముండీ లేనివాడిలా నటిస్తూ, నటించి నటించి చివరికి తన ధనం ఎక్కడ దాచాడో తానే మరిచిపోయే కథ. పిసినారి వేషం వేయడానికి మా ఊరి సెట్లలో ఒక్కరూ ఒప్పుకోలేదు. ఎవరు వేసినా అది వేషం కాదు, ఉన్నదున్నట్టే అంటారని వాళ్ళ భయం. చివరికి జమ్మలమడుగు మిషన్ బడిలో పనిచేసే క్రైస్తవ మాస్టరు వేశాడు. అయ్యవారి దగ్గర ముచ్చటపడి సంస్కృతం నేర్చుకున్న మనిషి. నేను సూత్రధారుణ్ణి, అంటే నాంది ముగియగానే ప్రవేశించి, చూసేవాళ్ళకు నాటకాన్ని పరిచయం చేసేవాణ్ణి.

అయ్యవారు అన్నిటికంటే ఎక్కువ కష్టపడింది నాంది మీద. నాటకాన్ని వారంలో రాసి, నాందిని నెలంతా చెక్కారు. దానికి చాలా నియమాలున్నాయట. దేవుడుండాలి, చంద్రుడుండాలి, చూసేవాళ్ళకు ఆశీర్వాదముండాలి, రాబోయే కథ చూచాయగా కనపడాలి. ఇన్నీ ఎనిమిది పాదాల్లో ఇమడాలి. పాదమంటే పద్యంలో ఒక వరస.

ఆ ఎనిమిది పాదాలూ వినిపించడానికి మిల్లు ముందరి అరుగు మీద సభ పెట్టాము. నాటకానికి సాయం చేస్తామన్నవాళ్ళంతా వచ్చారు. ఊరు నడమ లేచిపోవాలన్నా ముందు ఊరు రావాలి గదా అని, చోటూ, తినడానికి గుగ్గిళ్ళూ ఇచ్చేది మిల్లు సెట్టి. తెరకు గుడ్డ ఇచ్చేది మా నాయన. కూర్చోడానికి జంపఖానాలు ఇచ్చేది బియ్యం అంగడాయన. పెట్రోమాక్సు దీపాలు అద్దెకిచ్చే సాయిబు, దీపం ఎక్కడ తగిలించాలో చూసుకుందామని వచ్చి ఆగాడు.

"ఎవరప్పా దేవుడు?" అన్నాడు మిల్లు సెట్టి. సరుకు చూడకముందే అది ఏ ఊరిదో అడగడం ఆయన అలవాటు.

"శివుడు," అన్నారు అయ్యవారు.

బియ్యం అంగడాయన నుదుటి మీది నామం ముడుచుకుంది. "శివుడొక్కడేనా? మా సామి యాడికి పోయినాడు?"

కథకు సూచన కావాలి గనక శివుణ్ణి పెట్టానని అయ్యవారు వివరించారు. కుబేరుడంతటివాడు స్నేహితుడై ఉండీ, చేత భిక్షాపాత్ర పట్టుకు తిరిగే శివుడు. అన్నీ ఉండీ లేనివాడిలా బతికే వర్తకుడికి అది సూచన.

"కుబేరుడు స్నేహితుడైతే అడుక్కునేదెందుకు?" అన్నాడు సెట్టి. "ఆయప్ప సేబదులియ్యడా?"

"శివుడు అడగలేదు."

"అడక్కపోతే ఎవురిస్తారు?"

ఈ ఒక్క విషయంలో అరుగు మీద అందరూ ఏకమయ్యారు. అడగకపోవడం శివుడిదే పొరపాటని తేలింది. వేదాంతంతో ఈ సభలో నెగ్గలేనని గ్రహించి అయ్యవారు తర్వాతి పాదానికి పోబోయారు.

మా నాయన వంతు వచ్చింది. "పెండ్లికి ముందర పెద్దల్ని పిలిచి నాంది పెడతాం. ఈడ పెండ్లీ లేదు, పెద్దలూ లేరు. అమ్మవారన్నా ఉండాల గదా? కన్యకాపరమేశ్వరి పేరు లేకుంటే నా గుడ్డ తెరగా కట్టనియ్యను."

ఇక నేను కలగజేసుకున్నాను. "అయ్యవారూ, శివుడు అమ్మవారికి ఒళ్ళు సగం ఇచ్చినాడంటారు గదా? ఆ రూపం పెడితే? సగం సగం వాటా."

వాటా అనే మాట వినగానే అందరి ముఖాలూ తేటపడ్డాయి. తెలియని దేవుణ్ణి ఒప్పుకోవడం కష్టం గానీ, వాటాదారును ఒప్పుకోవడానికి మావాళ్ళకు కష్టమేమీ లేదు.

"మరి మా సామో?" అన్నాడు బియ్యం అంగడాయన.

"ఆయన అమ్మవారికి అన్నే గదా. బావ పక్కన నిలబడతాడు."

"ఇంతమంది ఎనిమిది పాదాల్లో పట్టరు," అన్నారు అయ్యవారు దిగులుగా.

"పెంచండి," అన్నాడు మిల్లు సెట్టి.

"పెంచితే పన్నెండు చేయాలి. శాస్త్రం ఒప్పేది ఎనిమిది, లేదా పన్నెండు."

"పన్నెండైతే జనానికి నిద్దరొస్తాది," అన్నాడు మా నాయన.

"అయితే పదికి తెంపుదాం," అన్నాను.

అది నేను ఆలోచించి అన్న మాట కాదు. ఎనిమిదని ఒకరు, పన్నెండని ఒకరు అంటే మధ్యన పదికి తెంపడం నాకు ఊపిరి పీల్చినంత అలవాటు. అయ్యవారు నా వంక చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. అన్నేళ్ళు చెప్పిన చదువు ఎటు పోయిందో వెతుకుతున్నట్టు చూశారు.

"పది ఉండదు నాయనా."

"తొమ్మిది?" అన్నాడు బియ్యం అంగడాయన సాయం చేయబోయి.

పన్నెండుకే ఖాయమయింది. అప్పటికి అయ్యవారు అలసిపోయారు గానీ, సభ అలసిపోలేదు. పూర్వం నాందిలో రాజుకు కూడా మేలు కోరేవారని ఆయన నోరు జారారు.

"రాజులు పోయిరి గదా?" అన్నాడు సెట్టి. "ఇప్పుడు కర్నూల్లో డేరాల కింద ఉండాది సర్కారు. రాజని ఎవర్ని సెప్తారు?"

ఆంధ్ర రాష్ట్రం కొత్తగా ఏర్పడిన రోజులవి. రాజధానికి ఇంకా గోడలు లేవని మా బజారులో తెలియనివాళ్ళు లేరు.

"మునిసిపాలిటీ సేర్మన్ను పెట్టండి," అన్నాడు మా నాయన.

"సేర్మనెందుకు? అమ్మకం పన్ను ఆఫీసరును పెట్టండి," అన్నాడు బియ్యం అంగడాయన. "మేలు కోరాలంటే ఆయనకే కోరాల. సల్లగా ఉంటే ఆయన మన పక్కకు రాడు."

అయ్యవారు రాజునే తీసేశారు. చివరి మాట చదివి అర్థం చెప్పారు. "పాతు వః. మిమ్మల్ని కాపాడుగాక."

"దేన్నుంచి?" అన్నాడు సెట్టి.

"అన్ని ఆపదల నుంచీ."

"పన్ను అని యిడిగా రాయకూడదా?"

అప్పటిదాకా స్తంభానికి ఆనుకొని వింటున్న సాయిబు గొంతు సవరించుకున్నాడు. "ఎవరి దేవుడైనా నాకు ఫర్వాలేదు అయ్యవారూ. ఆ పొద్దు గాలి రాకుండా సూడమని రాయండి. గాలొచ్చిందంటే దీపాల్లో వెలిగే మ్యాంటిళ్ళు రాలిపోతాయి, మీ నాటకం సీకట్లో ఆడాల." ఆ రోజు వచ్చిన కోరికల్లో న్యాయమైనది అదొక్కటే. అయ్యవారు దాన్ని నిజంగానే ఆలోచించి, చంద్రుణ్ణి వర్ణించేచోట 'నిశ్చలమైన వెలుగు' అని కలిపారు.

ఒప్పందాలన్నీ అయ్యాక మిషన్ బడి మాస్టరు నవ్వుతూ అన్నాడు. "మా సర్చిలో దీవెన ఆఖర్న పెడతారు అయ్యవారూ. దీవెన అయిందంటే జనం సెప్పుల కాడికే." అందరమూ నవ్వాము. ఆ మాటలో ఏముందో నవ్వినవాళ్ళలో ఒక్కరికీ పట్టలేదు.

వేషాల కోసం పులివెందులకు నన్ను పంపారు. అక్కడ నాటకాల సామాను అద్దెకిచ్చే పెద్దమనిషి ఒకాయన ఉండేవాడు. తొండూరు మీదుగా బస్సులో దుమ్ము మింగుతూ పోయి, ఆయన ఇంటి ముందర కూర్చున్నాను.

"ఏ కిరీటం కావాల?" అన్నాడు.

"కిరీటం వద్దు. సెట్టి వేషం."

"సెట్టి వేషానికి ఇంత దూరమెందుకొచ్చినావు? మీ ఇంట్లో ఉండాది గదా."

ఆయనకు నన్ను చూడగానే కులమూ బజారూ తెలిసిపోయాయి. ఉజ్జయిని సెట్టి వేరు, తలపాగా వేరు, చెవులకు కుండలాలు కావాలని చెప్పి బేరానికి దిగాను. మధ్యాహ్నం భోజనం కూడా ఆయన ఇంట్లోనే చేశాను, బేరం తెగలేదు గనక. చివరికి ఆయన చేతులెత్తాడు.

"సరే, నీ ధరే ఖాయం చేసుకో. అయితే నా పెట్టె తెరిసినాక, నాటకానికి ముందర దానికి టెంకాయ కొట్టి కర్పూర హారతి ఇయ్యాల. జనం ముందరే ఇయ్యాల. తట్ట నేనే పడతా."

హారతి తట్టలో పడే చిల్లర ఆయనది. అద్దెలో పోయింది తట్టలో వస్తుందని లెక్కేసుకున్నాడు. అందులో నాకు పోయేదేమీ లేదనిపించి ఒప్పుకున్నాను. వచ్చేటప్పుడు బస్సులో నాలాంటి గట్టి బేరగాడు జిల్లాలోనే లేడని అనుకుంటూ వచ్చాను.

నాటకం రోజు వచ్చింది. పొద్దు వాలేసరికి మిల్లు కళ్ళం నిండిపోయింది. శెనక్కాయలు ఆరబోసే ఆ చోటు అంత నిండడం పంట రోజుల్లో కూడా చూడలేదు. సంస్కృతం వినడానికి రాలేదు వాళ్ళు. సెట్టి గుగ్గిళ్ళు పంచుతాడట అన్న వార్త ఊళ్ళో ముందే పాకింది. సెట్టి చేతి నుంచి ఏదైనా రాలడం చూడాలని వచ్చినవాళ్ళే ఎక్కువ. ఆయన ముందు వరసలో కుర్చీ వేసుకొని, జనం ఎప్పుడు లేస్తారా అని చూస్తూ కూర్చున్నాడు.

తెర వెనక నేను తలపాగా చుట్టుకొని, మొదటి మాట నెమరేసుకుంటున్నాను. అయ్యవారు స్నానం చేసి, తడి జుట్టుతో, తెర వెనకే నిలబడి నాంది అందుకున్నారు. ఆయనకు అంత గొంతు ఉందని నాకు అప్పటిదాకా తెలియదు. పన్నెండు పాదాలూ ఒక్కొక్కటే తెర దాటి పోతుంటే, కళ్ళంలో పిల్లల ఏడుపులు కూడా ఆగాయి. శివుడూ, ఆయన సగంలో అమ్మవారూ, పక్కన ఆమె అన్నా, నెత్తిన కదలని వెలుగుతో చంద్రుడూ అందరూ వచ్చారు. అయ్యవారు 'పాతు వః' అని ముగించి చేతులు జోడించారు. బయట జనం కూడా జోడించినట్టు గాజుల చప్పుడు వినపడింది.

వెంటనే పులివెందుల పెద్దమనిషి టెంకాయ కొట్టాడు. గంట మోగింది. కర్పూరం వెలిగించి తెర ముందు తిప్పి, తట్ట పట్టుకొని జనంలోకి దిగాడు. అందరూ లేచి నిలబడి హారతి కళ్ళకద్దుకున్నారు. అదే సమయానికి, హారతి అయ్యాక పంచమని సెట్టి ముందుగా చెప్పి ఉంచినందువల్ల, మిల్లు మనుషులు గేటు దగ్గర గుగ్గిళ్ళ గంపలు దించారు.

నాంది ముగిశాక సూత్రధారుడు ప్రవేశించాలి. నేను ప్రవేశించాను.

కళ్ళంలో ఎవరూ లేరు.

పూర్తిగా లేరనడం తప్పు. కుర్చీలో మిల్లు సెట్టి ఉన్నాడు. ఒక మూల సాయిబు తన దీపానికి పంపు కొడుతున్నాడు. మిగతా జంపఖానాలన్నీ ఖాళీ. నాంది తర్వాత సూత్రధారుడు అనవలసిన మొదటి మాట, "ఇక చాలు ఈ సాగదీత" అని. దాన్ని సంస్కృతంలో జంపఖానాలకు చెప్పాను. సెట్టి కాలు మీద కాలు వేసుకున్నాడు.

"బాగుండాది అల్లుడూ," అన్నాడు. "మూటలు పొద్దున్నే ఎక్కిద్దామా, ఎండ తగ్గినాకనా?"

తెర సందులోంచి అయ్యవారి ముఖం కనపడింది. ఆయన ఖాళీ కళ్ళాన్ని చూడలేదు. గదికి పోయే మిద్దె మెట్ల వైపు చూస్తున్నారు. నేను అరుగు దూకి గేటు దగ్గరికి పరుగెత్తాను, తలపాగాతో, కుండలాలతో, కాళ్ళ గజ్జెలతో.

జనం గేటు బయట దొన్నెల్లో గుగ్గిళ్ళు తింటూ సంతోషంగా ఉన్నారు. నన్ను చూడగానే ఒక పెద్దాయన భుజం తట్టాడు.

"శానా బాగా ఆడిస్తిరప్పా! సంస్కృతమంటే ఏందో అనుకుంటిమి. ఒక్క పద్యంలో అయిపాయె."

"మన నాటకాలు తెల్లారినా అయిపోవు," అంది ఒకామె. "ఇట్లయితే రోజూ వస్తాం. పొయ్యి మీద ఎసురు పెట్టి వచ్చినా ఫర్వాలేదు."

"అయిపోలేదక్కా!" అన్నాను. "ఇంగా మొదులే కాలేదు."

"హారతి ఇచ్చిరి గదా?" అన్నాడు పెద్దాయన, జాలిగా. "హారతి ఇచ్చి, ప్రసాదం పెట్టినాక ఇంగేముంటాదప్పా?"

అప్పుడు తెలిసింది. మా ఊళ్ళో హరికథైనా, భజనైనా, పూజైనా హారతితోనే సరి. హారతి కళ్ళకద్దుకొని ప్రసాదం చేతిలో పడ్డాక ఇంకా కూర్చునేవాడు మర్యాద తెలియనివాడు. వాళ్ళు మర్యాదగా లేచారు, మర్యాదగా వచ్చేశారు. శాస్త్రం ప్రకారం మేము మొదలుపెట్టాము, ఆచారం ప్రకారం వాళ్ళు ముగించారు.

"లోపలికి రాండప్పా, నాటకం సూడండి" అని బతిమాలాను. ఎవరూ కదల్లేదు. ఒకాయన దొన్నె పారేసి, మూతి తుడుచుకొని, చెప్పులు వెతుక్కుంటున్నాడు. ఆ చెప్పుల వైపు చూడగానే నాకు మా అంగడి మెట్లు గుర్తొచ్చాయి. గిరాకీ మెట్లు దిగుతుంటే బతిమాలకూడదు. బతిమాలితే ఇంకా వేగంగా దిగుతాడు. వెనక్కి తిరిగి, ఇంకో మడత విప్పుతున్నట్టు విప్పి, అంతలోనే మడిచి లోపల పెట్టేయాలి.

నేను వెనక్కి తిరిగాను. "పోండి, పోండి. ఒక విధంగా మంచిదేలే. లోపల ఒక సెట్టి కథ జరగబోతాంది. అందరూ సూస్తే ఆయనకు నామోషీ."

చెప్పుల చప్పుడు ఆగింది.

"ఏ సెట్టి?"

"అది సెప్పకూడదు."

"మన ఊరాయనేనా?"

"నేనన్నానా?"

"మిల్లు సెట్టా?" అన్నాడొకడు గొంతు తగ్గించి.

"అట్లాంటి మాటలు నాతో అనిపించొద్దప్పా. గుగ్గిళ్ళు తిన్నారు, ఇండ్లకు పోండి."

నేను లోపలికి నడిచాను. వెనక్కి చూడలేదు. అంగట్లో కూడా ఆ క్షణంలో వెనక్కి చూస్తే బేరం చెడిపోతుంది. అరుగు ఎక్కి తిరిగేసరికి జంపఖానాల మీద చోటు లేదు. ఇందాకటికంటే ఎక్కువ మంది ఉన్నారు. దారిన పోతున్నవాళ్ళు కూడా దొన్నె పట్టుకొని వచ్చి కూర్చున్నారు.

ఆ రోజు ప్రొద్దుటూరు ఒక సంస్కృత నాటకాన్ని చూసినంత శ్రద్ధగా ఏ పండిత సభా చూసి ఉండదు. ఒక్క మాట అర్థం కాలేదు గనక ప్రతి కదలికనూ పట్టుకున్నారు. మాస్టరు దీపంలో వత్తి తగ్గిస్తే, "బియ్యం అంగడాయనే! వాళ్ళింట్లో ఇట్లనే తగ్గిస్తారు" అని ఒక మూల గుసగుస. చుట్టాన్ని చూసి కడుపునొప్పి నటిస్తే, "కాదులే, గుడ్డల సెట్టి" అన్నారు మా నాయన ఉన్నాడని కూడా చూడకుండా. మా నాయన ముందుకు వంగి, "అది మిల్లాయన నడకే" అని పక్కవాడికి చెప్పాడు. ధనం ఎక్కడ దాచానో మరిచిపోయానని మాస్టరు నేల తట్టి ఏడుస్తుంటే జనం పొర్లి పొర్లి నవ్వారు. మిల్లు సెట్టి నవ్వలేదు. వేళ్ళతో కుర్చీ చెయ్యి గీరుతూ కూర్చున్నాడు. గాలి రాలేదు, సాయిబు దీపాలు నిశ్చలంగా వెలిగాయి.

నాటకం ముగిసింది. పంట బాగా పండాలని, అందరూ సుఖంగా ఉండాలని అయ్యవారు చివరి పద్యం కూడా చదివారు. తెర వేశాము. ఎవరూ లేవలేదు. కాసేపటికి తెర సందులోంచి తల బయటపెట్టి, "అయిపోయిందప్పా" అన్నాను.

"ఏ సెట్టో సెప్పలేదే?" అన్నాడు భుజం తట్టిన పెద్దాయన. "ఊరికే అయిపోయిందంటే ఎట్ల?"

బస్సుకు వేళవుతోందని అయ్యవారు రేకు పెట్టె కిందికి దింపించుకొని, దాని మీద చెయ్యి వేసి నిలబడ్డారు. సెట్టి లేచి మా దగ్గరికి వచ్చాడు.

"లేసిపోయినారు గదా," అన్నాడు.

"లేసినారు, నిజమే. లేపింది నాటకం కాదు మామా, నీ గుగ్గిళ్ళు. మళ్ళా వచ్చి కూసున్నారు. ఇప్పుడు పొమ్మన్నా పోలేదు."

"అది మాటల గారడీ. మన మాట నడమ లేవకూడదని." అని, గొంతు బాగా తగ్గించాడు. "ఆ పిసినారి ఎవరు? నేను కాదు గదా?"

"ఉజ్జయిని వర్తకుడు," అన్నారు అయ్యవారు అమాయకంగా.

"ఉజ్జయినిలో నాకు ఎవరూ తెలీదు. ఊరంతా నన్నే సూస్తాంది."

జనం నిజంగానే ఇంకా కూర్చొని ఆయననే చూస్తున్నారు. నేను చాలా మెల్లగా, మెత్తటి గుడ్డను వేళ్ళ మధ్య చూపినట్టు అన్నాను. "ఇప్పటికైతే ఎవరో వాళ్ళకు తెలీదు మామా. ఒకరు బియ్యమంటాండారు, ఒకరు మా నాయనంటాండారు. రేపు పొద్దున అయ్యవారి పెట్టె బయటికి, నీ మూటలు పైకి పోతా కనపడితే మాత్రం, ఇంగ ఎవరినీ అడిగే పనుండదు."

సెట్టి జనం వంక చూశాడు. పెట్టె వంక చూశాడు. తర్వాత గేటు దగ్గరున్న తన మనిషిని ఊరికంతా వినపడేట్టు పిలిచాడు. "ఒరే! అయ్యవారి పెట్టె ఈడెందుకుండాది? పైన గదిలో పెట్టు. ఆ మూటలు రోడ్డు మీది అద్దె గోడౌనుకు తోలమని సెప్పు. గది సంస్కృతానిది!"

జనం చప్పట్లు కొట్టారు. అప్పుడు గానీ లేవలేదు.

అందరూ వెళ్ళాక సెట్టి మళ్ళీ మా పక్కకు వచ్చాడు. ఉచితంగా ఏదీ ఇవ్వని మనిషి. "గది మీదే. అయితే వచ్చే ఏడు నాటకంలో ఆ పిసినారి బియ్యం అంగడోడు కావాల. ఎవరికీ అనుమానం రాకుండా, బియ్యం కొలిసే కుంచం సేతిలో పెట్టండి."

నేను ఒప్పుకోవడానికి నోరు తెరిచాను. అయ్యవారు చెయ్యెత్తి నన్ను ఆపారు. బస్సు హారను వినపడుతున్నా ఆయన కదల్లేదు.

"కుంచం అంత తేలిక కాదు," అన్నారు. "నాందిలోనే ధాన్యం సూచన రావాలి. అన్నపూర్ణను తేవాలి. ఆమె చేతి గరిటె ముందు భిక్షాపాత్ర చాచిన శివుడు. ఆ గరిటెలో చంద్రుడి నీడ..." ఆగి, వేళ్ళు మడిచి లెక్కపెట్టుకున్నారు. "సెట్టిగారూ, ఇది ఎనిమిది పాదాల్లో పట్టదు. పన్నెండే చేయాలి."

"సెయ్యండి," అన్నాడు సెట్టి. "హారతి మాత్రం ఆఖర్న పెట్టండి."